కంటిపాపల గడి

మెల్లగా రాసుకోండి సార్, నేనెక్కడికీ పారిపోను. దవడ కదిపితే ప్రాణం పోతోంది, అందుకే మాట ముద్దగా వస్తోంది. రెండు పళ్ళు కదిలాయి. ఎమర్జెన్సీ వార్డులో హెడ్ నర్సుగా తిట్లు తిన్నాను, మొహాన ఉమ్మించుకున్నాను. పిడికిలితో కొట్టించుకోవడం మాత్రం ఇదే మొదలు.

ఎవరా? బయట బెంచీ మీద మీ కానిస్టేబుల్ పక్కన కూర్చున్నాడే, ఆ లారీ మెకానిక్కే.

వాడు అన్న. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే షెడ్డు. పొద్దున పదింటికి తమ్ముడు జాకీ సరిగ్గా పెట్టలేదట, లారీ జారి అన్న కాలు నలగడం తృటిలో తప్పింది. మాటా మాటా పెరిగింది. అన్న చేతిలో వీల్ స్పానరుంది. ఎత్తి తమ్ముడి తలమీద వేశాడు. కుడి చెవి పైన చర్మం చీలి ఎముక బయటపడింది. వాడు పడ్డాడు, లేచాడు, అన్న డొక్కలో తిరిగి తన్నాడు కూడా. తరవాత ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారట. ఏం మనుషులో.

అన్నే తీసుకొచ్చాడు. తమ్ముడు తల పగిలిపోతోందంటున్నాడు. ఒళ్ళంతా మందు కంపు. "తాగలేదు సిస్టర్, గాయం కడగడానికి సీసా నేనే పోశాను, వాడు చుక్క ముట్టడు" అన్నాడు అన్న. ఆ మాట రోజుకి ఎంతమంది చెబుతారో మీకు తెలీదా సార్? "అందరూ అలాగే అంటార్లే, పక్కకి జరుగు" అన్నాను.

డ్యూటీ డాక్టరు కుట్లు వేసి, పావుగంటకోసారి చూస్తుండమని చెప్పి, బస్సు ప్రమాదం కేసుల దగ్గరికి పరిగెత్తాడు. మా వార్డులో తాగొచ్చినవాళ్ళది మూల మంచం. మత్తు దిగేదాకా అక్కడే. వీణ్ణీ అక్కడే పడుకోబెట్టాను.

కాసేపటికి వాంతి. ఎదురు గోడ దాకా చిమ్మింది. తాగినవాడు కక్కడంలో వింతేముంది అనుకున్నాను. తరవాత గురక. అన్న వచ్చి, "వీడు గురక పెట్టడు సిస్టర్, చిన్నప్పట్నుంచీ ఒకే మంచం మీద పడుకున్నాం, ఒక్కసారి చూడండి" అన్నాడు. కసిరాను. మళ్ళీ వచ్చాడు. మూడోసారి చెయ్యి పట్టి లాగాడు. విదిలించి నెట్టాను. అప్పుడు కొట్టాడు.

ఆ మంచం పక్కనే పడ్డాను. కోడు పట్టుకుని లేస్తుంటే తమ్ముడి ఎడమ చెయ్యి తగిలింది. కర్రలా బిగుసుకుపోయుంది. రెప్ప ఎత్తాను. కుడి కంటిపాప కన్నంతా నిండిపోయింది, లైటు వేస్తే కదల్లేదు. నాడి నలభై రెండుకి పడిపోయింది. బీపీ రెండొందల ఇరవై. లోపల నెత్తురు గడ్డకట్టి, మెదడు వాచి, పుర్రెలో చోటు చాలక కిందికి తోసుకొస్తోందన్నమాట. ఊపిరి తీయించే చోటు ఆ కిందే ఉంటుంది. అది నలిగితే మనిషి అయిపోయినట్టే.

నోట్లో నెత్తురు మింగుతూనే డాక్టర్ని కేకేశాను. తలవైపు ఎత్తించి, మెడ తిన్నగా పెట్టి, గొంతులో గొట్టం దించేదాకా గాలి సంచీ నొక్కాను. వాపు తీసే మందు సీసా ధారగా ఎక్కించాం. స్కాను, అక్కణ్ణుంచి పరుగున థియేటరు. పుర్రె కోసి ముక్క తీస్తే, నా గుప్పెడంత గడ్డ.

ఇంకా కళ్ళు తెరవలేదు. తెరుస్తాడో లేదో సర్జనే చెప్పలేకపోతున్నాడు. "గంట ముందు పట్టుకునుంటే" అని మాత్రం అన్నాడు. అది విని అన్న, నేనే చంపేశానంటూ తలని గోడకేసి బాదుకున్నాడు. నుదురు చిట్లి గోడంతా నెత్తురు. ముగ్గురు పట్టుకుంటే గానీ ఆగలేదు. మీరూ అదే రాసుకున్నారు కదా, వాడే చేశాడని?

ఆగండి, ఇదీ రాయండి. ఆ మూల మంచానికి వేలాడే చార్టు తెప్పించుకోండి. పదకొండు, పదకొండుంబావు, పదకొండున్నర, పావుతక్కువ పన్నెండు. కంటిపాపలు రెండూ సమానం, లైటుకి కదులుతున్నాయి, అని నాలుగు గళ్ళలోనూ ఉంటుంది. రాత నాదే. నాలుగూ పదకొండింటికే రాసి పారేశాను, టీ తాగుతూ. రద్దీగా ఉంటే మేమంతా అలాగే రాస్తాం. మూల మంచం వాడి రెప్ప ఎవరెత్తుతారు సార్?

స్పానరు వాడిది. ఆ గంట నాది.

ఏం సార్, రాయడం ఆపేశారేం?