వెనిస్‌లో ఎగిరిపోయిన లుంగీ

దోహాలోని ఐన్ ఖాలిద్‌లో మా పక్క విల్లా అరబ్బులది. అక్కడ వంట చేసే రాజన్న తాతది జగిత్యాల దగ్గర పల్లె. మా కుండీలో కరివేపాకు కోసుకోడానికి వచ్చినప్పుడు పట్టుకున్నాను. "తాతా, పెళ్ళయ్యాక మొదటిసారి మేమిద్దరం వెనిస్ వెళ్తున్నాం. మీరు చూశారట కదా, ఏమేం చూడాలో చెప్పండి" అని ఫోన్‌లో రికార్డింగ్ పెట్టాను. ఆయన చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను.

నేను చూసిన్నని నమ్మినవా బిడ్డా? లోకం మీద నువ్వొక్కదానివే నమ్మినవ్. కూసో, చెప్త.

మా బాబా, మామా... అంటే మా షేకు, ఆయన భార్య, గట్లనే పిలుస్తం గదా గీ ఇండ్లల్ల. ఎండకాలం అచ్చిందంటే వాళ్లు యూరప్ పోతరు. బాబాకు నా చేతి మచ్బూస్, గదే వాళ్ల మాంసం బువ్వ, లేకుంటే ముద్ద దిగది. గందుకని బియ్యం సంచితోని నన్ను గూడ తీస్కపోయిండ్రు. విమానంల ఆ సంచిని... అది కాదు, నువ్వడిగింది వేరే గదా.

కాళ్లకు మంచి చెప్పులేస్కో. ఆ ఊర్లె కారు లేదు, ఆటో లేదు, సైకిల్ గూడ లేదు. యాడ జూసినా నీళ్లు, వంతెనలు. మా డ్రైవర్ పాకిస్తానాయన గూడ అచ్చిండు పాపం. మొదటి రోజే నెత్తి పట్టుకొని కూసున్నడు, "అరే భాయ్, మేరా క్యా కామ్?" అనుకుంట. ఉన్నన్ని రోజులు నాకు ఉల్లిగడ్డలు కోసిండు.

కాఫీ నిలవడి తాగు. కూసుంటే అదే కాఫీకి ధర మస్తు పెరుగుతది. నేను తెల్వక కూసున్న. కొత్తగ దోహా అచ్చినప్పుడు, నజ్మా బస్తీల రూముల ఉన్న నాడు, గన్ని పైసలకు నెలంత చాయ్ తాగేటోణ్ని.

తొవ్వ తప్పుతవ్. తప్పనియ్యి. రొట్టె కోసమని పొద్దుగాల పోయి, పగటి దాకా అదే వంతెన నాలుగు సార్లెక్కిన. ఐదు సార్లో... కింద పడవాయన సుట్టపోని లెక్క చెయ్యూపుడు షురూ చేసిండు.

ఇగ లుంగీ ముచ్చట. ఆ ఊర్లె కిటికీల నుంచి అవుతలి గోడకు తాడు కట్టి బట్టలారేస్తరు. నేను గూడ ఆరేసిన. మా ఆడామె లచ్చవ్వ కొనిచ్చిన లుంగీ, పచ్చగీతలది. గాలి లేసింది. లుంగీ పోయి పోయి కింద పడవల కొత్తజంట మీద పడ్డది! ఎవలో దొరలు, ఏ దేశపోల్లో. ఆ పిల్ల తిట్టలే బిడ్డా. నవ్వుకుంట ఇద్దరి మీద కప్పింది. పడవాయన ఫోటో గూడ తీసిండు. నేను కిటికీల నుంచి "మాఫీ ముష్కిల్, ఏం పర్వలేదు, ఉంచుకోండ్రి!" అని ఒర్రిన. అరబ్బీ వాళ్లకేం సమజైతది? అయినా ఆ పిల్ల ముద్దొకటి గాల్లకు విసిరింది. గా సంగతి లచ్చవ్వకు చెప్పలేదు, నువ్వు గూడ చెప్పకు.

నవ్వకు. అసలు బాధ ఇగ అచ్చింది. పడవల కూసొని నేను ఫోటో దిగి ఇంటికి పంపిన. అంతకు వారం ముందే మా బామ్మర్ది గంగన్న... గదే, లచ్చవ్వ తమ్ముడు, ఇక్కడ బిల్డింగుల పనోడు... శుక్రారం సెలవని దోహాల ఆ మాల్‌కు పోయిండు. లోపల నీళ్లు పారిచ్చి పడవలు పెట్టిండ్రు జూడు, పైన కప్పుకు మబ్బుల రంగేసిండ్రు? ఆడనే ఫోటో దిగి పంపిండు. అదే పడవ, అదే చారల అంగీ పడవాయన, అదే నీలం మొగులు. నేను సెలవుకు ఇంటికి పోతే, లచ్చవ్వ రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి సూసింది, సంచిల లుంగీ లేకపోవుడు గూడ సూసింది.

"మా తమ్ముడు పోయినకాడికే పోయి దేశాలు తిరిగిన్నంటవా? దుబాయ్ మొత్తం మాకెరుకే! లుంగీ యాడ పారేసినవ్?"

దుబాయ్ కాదే, దోహా అంటే ఇనది. దోహా గూడ కాదే, వెనిస్ అంటే ఇంకింత ఇనది. ఊరంత నాకు "మాల్ రాజన్న" అని పేరు పెట్టిండ్రు. బాబాను సాక్ష్యం అడుగుదునా? మూడేండ్లాయె బిడ్డా, పండుగకు ఫోన్ చేసినా "ఏ దేశం నుంచి చేస్తున్నవయ్యా?" అని ఎక్కిరిస్తది. నాకు... అబద్ధాలాడేటోడు అనిపిచ్చుకునుడే కష్టంగున్నది.

గందుకే నాకొక్క పని చెయ్యి. గోడల పాచి చూపెట్టు, పావురాల రెట్ట చూపెట్టు అందామంటే, మాల్‌ల గూడ మురికైందంటది. నువ్వేం జేస్తవంటే, ఆడ వాన పడేటప్పుడు ఆ పడవలకాడ నిలవడి లచ్చవ్వకు వీడియో కాల్ చెయ్యి. నంబర్ ఇస్త. మాల్‌ల వాన పడది గదా! "అవ్వా, తాత చెప్పింది నిజమే" అను, చాలు.

వాన పడకపోతే? పడుతది తియ్, దేవుని దయ. గొడుగు మాత్రం ఒక్కటే తీస్కపోండ్రి, రెండద్దు. సల్లగుండుండ్రి బిడ్డా, ఇద్దరు ఒక్క గొడుగు కింద... అరె, పొయ్యి మీద అన్నం పెట్టొచ్చిన...