అల్లుడు పడ్డ కారు

కొత్తకోటలో పాత అంబాసిడర్‌ను పెండ్లిళ్లకు కిరాయికిచ్చే యజమాని దగ్గరికి, చిన్నకూతురి పెండ్లి పెట్టుకున్న రైతు వచ్చాడు. కారు నచ్చింది గాని ధైర్యం చాలడం లేదు.

“సేటూ, దీని తలుపులు నడుమ తొవ్వల వాటంతటవే తెరుసుకుంటయంట గద?”

“ముప్పయ్యేండ్ల సంది నడుపుతున్న. ఎవరు చెప్పిండ్రు?”

“మా పెద్దల్లుడే. పోయినేడు మల్దకల్‌ల తన పెండ్లి ఊరేగింపుల దీంట్లకెళ్లే కింద పడ్డడు.”

“ఆయన కండువా ఎట్లుండె, యాదికుందా?”

“కొస చినిగి ఉండె. గ్రీజు అంటి ఉండె. పడ్డప్పుడు అయిందనుకున్నం.”

“గ్రీజు రోడ్డు మీదుంటదా, తలుపు గడియకుంటదా? కండువా కొస గడియల ఇరికింది, తలుపు సగమే మూసుకున్నది, నడుమ తొవ్వల తెరుసుకున్నది. తప్పు కారుదా?”

రైతు తల గోక్కున్నాడు. ఏడాదిగా ఊరూరా కారును తిట్టింది తనే. కారుదే తప్పంటే చిన్నల్లుణ్ణి ఎక్కించలేడు. కాదంటే పెద్దల్లుడు అలిగి పెండ్లికే రాడు. ఎటు చూసినా లెక్క కుదరడం లేదు.

“మరి నన్నేం చెయ్యమంటవు?”

“ముందు సీట్ల పెద్దల్లుణ్ణే కూసోబెట్టు. ఆయనకు మర్యాద దక్కుతది, నా కారుకు పేరొస్తది.”

“మళ్ల పడితే?”

“తలుపు నువ్వే ఎయ్యి. ఆయన కండువా మాత్రం ఊరేగింపు అయ్యేదాంక నీ భుజాన ఏసుకో.”