లీటరుకు ముప్పై ఒకటి

మర్నాడు పెట్రోలు బంకులన్నీ బంద్. నారాయణగూడ బంకులో ఆ సాయంత్రం ఎనిమిదింటి దాకే పోస్తారట. అశోక్‌నగర్‌లో జగన్మోహన్ వరండాలో మాత్రం ఆ తొందరేమీ లేదు. పైవాటాలో అద్దెకుండే ధర్మారావు కారు తాళం కోసం వచ్చి అరగంటయింది. ఆయన కూతురు వందన పొద్దున్నే మేడ్చల్ దగ్గర ఉద్యోగ పరీక్ష రాయాలి. కారు ఇస్తానన్నది జగన్మోహనే. అందులో పెట్రోలు ముల్లు మాత్రం ఎర్రగీత మీద ఉంది.

"నేనే వెళ్ళి ఓ ఐదు లీటర్లు పోయించుకొస్తానండీ," ధర్మారావు లేవబోయాడు.

"కూసోండ్రి సార్! నా మారుతి సంగతి మీకెర్కలేదు. పోయినేడు ఎండిన ట్యాంకుల సరిగ్గ నాలుగు లీటర్లు పోయించి, మీటరు రాసుకొని, రాజకుమారితోని యాదగిరిగుట్ట పోయొచ్చిన. నూట ఇరవై నాలుగు కిలోమీటర్లు! లీటరుకు ముప్పై ఒకటి. గిది కాయితం మీది లెక్క. అసలు కథ తిరుగుదారిల ఉన్నది."

దేవుడి దగ్గర దీపం పెట్టి వచ్చిన రాజకుమారి గడపలో ఆగింది. ఏడాదిగా ఈ కథ ఎదగడం చూస్తూనే ఉంది. నలుగురిలో భర్త మాట తీసెయ్యడం ఆమెకు చేతకాదు.

"భువనగిరి కాడ ముల్లు పండుకున్నది. ఇంకొకడైతే పరేషాన్ అయితడు. నేను గాలి అడ్డం రావొద్దని అద్దాలు ఎక్కిచ్చిన. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఘట్‌కేసర్ ఎత్తు కాడ ఈమెను ఊపిరి బిగబట్టమన్న, జర బరువు తగ్గుతదని. రెండు బస్సులను దాటేసినం!"

"బస్సులనే?" అంది వందన.

"ఒక జీపును గూడ బిడ్డా! ఉప్పల్ వచ్చేసరికి ఇంజను పెట్రోలు అడుగుడే మానేసింది, వాసన మీద నడుస్తున్నది. బంకుల ఆపి నింపమంటే, పోసెటాయన పైపు పెట్టిండు, తీసిండు. 'జాగ లేదు సార్, మీరే మాకు రెండు లీటర్లు ఇచ్చిపోండ్రి' అన్నడు!"

వందన పకపకా నవ్వింది. ధర్మారావు మాత్రం గడియారం చూసుకుని మళ్ళీ కూర్చున్నాడు.

"మిగతా మాటకేం గానీ, మీటరు లెక్క ఉందిగా. లీటరున్నా చాలు, మేడ్చల్ వెళ్ళిపోతాం. ఇంకా లైన్లో ఎందుకులెండి."

రాజకుమారి వందన వైపు చూసింది. పిల్ల చేతిలో హాల్‌టికెట్ కనిపిస్తోంది. ఎనిమిదికి ఇంకా ఇరవై నిమిషాలే.

"అన్నా," అంది మెల్లగా, "మీటరు అబద్ధం చెప్పలే. భువనగిరి కాడ కారు ఆగిపోయింది. ఒక ఇసుక లారీ ఆయన తాడు కట్టి ఉప్పల్ దాకా గుంజుకొచ్చిండు. చక్రాలు తిరిగినయి, మీటరూ తిరిగింది. ఆ దారి పొడుగూతా నేను నరసింహస్వామిని తలుచుకుంట కూసున్న."

ధర్మారావు కుర్చీలోంచి లేచాడు.

"మరి బస్సులు?" అంది వందన.

"లారీ దాటింది, తల్లీ."

ధర్మారావు అప్పటికే తాళం అందుకుని మెట్లు దిగుతున్నాడు. జగన్మోహన్ గొంతు సవరించుకుని చెప్పులు వెతుక్కున్నాడు.

"ఆగుండ్రి సార్, నేను గూడ వస్త."

"రండి, రండి," అన్నాడు ధర్మారావు వెనక్కి తిరక్కుండానే, "బంకు దాకా తొయ్యడానికి ఓ మనిషి కావాలి."