మిగ్ విమానం డ్యూటీకి వెళ్ళిన వైనం

ఈ వృత్తాంతాన్ని మొదట చెప్పినవాడు మోతె ఊరి ఆటో డ్రైవరు బిక్షం. టీకొట్టు దగ్గర ఆద్యంతం ఉన్నవాడు గనుక అక్కడి మాటలు అతని నోటివే. ఇంట్లో జరిగిన భాగం నాగరాణి గారు చెప్పగా చేర్చినది. ఇద్దరి కథనాలూ ఒక్కచోట మాత్రం కలవలేదు; అక్కడ నాగరాణి గారినే నమ్మడమైనది.

నాగరాణి గారి భర్త మధుసూదన్ గారు. సూర్యాపేటలో రెవెన్యూ ఉద్యోగం చేసి విరమించారు. జీవితంలో ఒక్కసారైనా విమానం ఎక్కలేదు గాని, ఆయన ముందుగదిలోని అద్దాల బీరువా నిండా బొమ్మ యుద్ధవిమానాలే. ప్లాస్టిక్ ముక్కలు తెప్పించి, గమ్ముతో అతికించి, సన్నకుంచెతో రంగులద్ది ఆయన స్వహస్తాలతో నిలబెట్టినవి. ఆ గోడ వారగా కుట్టుమిషన్లు వేసుకోవాలని నాగరాణి గారి సంకల్పం. దసరాలోపు బీరువాకు వేరే చోటు దొరకకపోతే విమానాలు గోనెసంచిలో అటకెక్కుతాయని ఆమె తేల్చి చెప్పారు. గోనెసంచిలో పడితే ఒక్కదానికీ రెక్కలు మిగలవని ఆయనకు తెలుసు.

అందుకే కోదాడ నుంచి ఒక బడి ప్రధానోపాధ్యాయురాలు అనురాధ గారు వాటిని చూడడానికి వస్తున్నారంటే ఆయనకు ప్రాణం లేచి వచ్చింది. "ఇయ్యాల జర తక్కువ మాట్లాడుండ్రి," అన్నారు నాగరాణి గారు. ఆయన మాట ఇచ్చారు.

బస్టాండు పక్కన యాదమ్మ టీకొట్టులో కూర్చున్నాక అనురాధ గారు తన షరతు చెప్పారు. "మా బడిలో చోటుందండి. కాకపోతే నెలకోసారి మీరే వచ్చి పిల్లలకు వివరించాలి. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి." ఆయన బుద్ధిగా తలూపారు. అంతలో ఆమె ఫోనులోని బీరువా ఫోటోను పెద్దది చేసి చూసి, "ఈ అరలో ఖాళీ ఎందుకుందండి?" అన్నారు.

ఇచ్చిన మాట అక్కడితో సరి.

"అది మిగ్ ఇరవయ్యొకటి ఉండే జాగ మేడం. మూడు చక్రాల మీద నిలబడాలె గని, తోక బరువుకు వెనక్కి కూలబడతది. ముక్కుల సీసపు గుండ్లు పొయ్యాలె. గుండ్లు దొరకలే, మిర్యాలగూడ సన్నబియ్యం పోసి గమ్ముతోని మూసిన. సక్కగ నిలబడ్డది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైందండి?" ఆమె నిజంగానే ముందుకు వంగారు. ఆయనకు కావలసింది అదే.

"రంగు ఆరాలని మిద్దె పిట్టగోడ మీద పెట్టిన. హైవే మీద లారీ పోయింది, దాని గాలికి జర లేచింది, లేచింది దిగుతదనుకున్న, దిగలే. మార్కెట్ యార్డు మీద ఒక్క చక్కరు కొట్టింది సూడుండ్రి, రైతుల వడ్లన్ని వాటంతటవే తూర్పారవట్టుకున్నయి, తాలు ఒక దిక్కు, గింజ ఒక దిక్కు."

"ఒకనాడు నా పొయ్యి ఉత్తగనే ఆరింది. గందుకేనా సారూ?" అంది యాదమ్మ.

"గందుకే యాదమ్మా. ఆడికెల్లి మోతె మీదికెల్లి..."

"మోతె మీదికెల్లి పోతే నాకు కనవడకపోవునా?" అన్నాడు బిక్షం.

"నువ్వు తల ఎత్తేసరికి వాడపల్లిల ఉన్నది బిక్షం. ఆడి సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము అంటిందని, మూసీ కృష్ణ కలిసేకాడ దిగి చక్రాలు కడుక్కున్నది, ఒకటి మూసీల, రెండు కృష్ణల. మళ్ల లేచేసరికి హైదరాబాద్ పోయే పెద్ద విమానం ఎదురొచ్చింది. ఆ పైలట్ మర్యాదగ సైడ్ ఇచ్చిండు."

"లైటుతోని డిప్పర్ కొట్టిండా సారూ?" అన్నాడు బిక్షం.

"కొట్టకుంటే ఊకుంటదా మనది? ఇంతల నాకు ఢిల్లీకెల్లి ఫోను. మధుసూదన్ గారూ, మీ విమానం మా రాడార్ తెరల మీద కనవడుతున్నది, మా కాడ ఒకటి తక్కువున్నది, ఉంచుకుంటం అన్నరు. దేశం అడిగినంక కాదంటమా? గానాటి సంది సరిహద్దుల డ్యూటీ చేస్తున్నది. గందుకే ఆ జాగ ఖాళీ."

అనురాధ గారు టీ గ్లాసు కింద పెట్టారు. "చాలా బాగుందండి. ఒక్కటే అడుగుతాను. ముక్కులో బియ్యం పోశానన్నారు కదా, మీ ఇంట్లో ఎలుకలున్నాయాండి?"

యాదమ్మ చేతిలో గరిటె ఆగింది. బిక్షం తన ఆటో వైపు చూడసాగాడు. ఢిల్లీకి జవాబు చెప్పిన మధుసూదన్ గారి కళ్ళముందు గోనెసంచి కదిలింది.

"ఒకటి ఉన్నది మేడం," అన్నారు.

"అయితే పదండి, చూద్దాం."

ఇంటికి వచ్చి, బిక్షంతో సహా అందరూ కలిసి బీరువా జరిపారు. మిగ్ దాని వెనకే పడి ఉంది. ముక్కు కొరికేసి ఉంది, చుట్టూ నాలుగు నూకలు. మొదట తానే చూశానని బిక్షం అంటాడు. చూసినవారు నాగరాణి గారు. అనురాధ గారు దాన్ని అరచేతిలో నిలబెట్టారు. తోక కూలబడి, కొరికిన ముక్కు ఆకాశం వైపు లేచింది.

"ఇది తప్పకుండా కావాలండి," అన్నారామె. "ముక్కులో బరువు లేకపోతే ఏమవుతుందో పిల్లలకు చూపించాలి. మీరు వచ్చి చెప్పాలి."

ఇక తదనంతరం. నాగరాణి గారి కుట్టుమిషన్లు ఆ గోడ వారనే నడుస్తున్నాయి. బీరువాను కోదాడ చేర్చిన బిక్షం, దారిపొడుగునా లారీలు తన ఆటోకు డిప్పర్ కొట్టి సైడ్ ఇచ్చాయని చెబుతున్నాడు. పొయ్యి ఎప్పుడు ఆరినా యాదమ్మ ఒకసారి పైకి చూస్తుంది. అనురాధ గారు మిగ్‌ను ముందువరుసలో పెట్టించారు. ఎలుక ఆచూకీ తెలియలేదు.

మధుసూదన్ గారు నెలనెలా కోదాడ వెళ్ళి అన్ని విమానాల గురించీ ఉన్నది ఉన్నట్టే చెబుతున్నారు. మిగ్ దగ్గరికి వచ్చేసరికి పిల్లలు, "ఇది నిజంగ ఎగిరిందా సార్?" అంటారు. అనురాధ గారు వరండా దాటి వెళ్ళేదాకా ఆయన ఆగుతారు.

"విమానం దొరికింది," అంటారు మెల్లగా. "పైలటే ఇంకా దొరకలే."