దేవకృప హాజరు సంతకం

పోలీస్ యాక్షన్ అయిన మూడో నెల. సికింద్రాబాద్ విద్యాశాఖ దఫ్తరు గోడకు గుమాస్తా రెండు సర్కారు నోటీసులు అంటిస్తున్నాడు: పడవల్లో పరిమితికి మించి జనాన్ని ఎక్కించరాదని ఒకటి, టీచర్ల రాతపరీక్ష పాసైనవాళ్ల జాబితా ఒకటి. వెనక ఒక తల్లి వచ్చి నిలబడింది.

“సారూ, పరీక్షకు దరఖాస్తు పెట్టిన నా బిడ్డ దేవకృప పేరు కొట్టేయుండ్రి. గడబిడకు భయపడి కృష్ణ అవతలికి పంపిన. పరీక్షకని తిరిగి వస్తుంటే కృష్ణల పడవ మునిగింది, బిడ్డ దక్కలే.”

“ఎప్పుడమ్మా?”

“పరీక్షకు రెండు దినాల ముందు.”

గుమాస్తా చేతిలో జిగురు కుంచె ఆగిపోయింది.

“ఆమె పరీక్ష రాసిందమ్మా. హాజరు సంతకం నేనే తీసుకున్న.”

“ఇంకెవరినో చూసుంటరు.”

“కాగితం పైన చిన్న సిలువ గీసింది. గుర్తులు పెడితే పేపరు కొట్టేస్తరమ్మా అంటే, వేలితోని తుడిచింది. సిరా అంతా నీళ్లయింది.”

“చిన్నప్పటి సంది అంతే. సిలువ గీయంది ఒక్క అక్షరం సుత రాయది.”

“ఆ దినం వాన లేదు. ఆమె కూసున్న బెంచి ఇప్పటికీ ఆరలే.”

తల్లి జాబితా మీద వేలు పెట్టింది.

“పాసయిందా?”

“అయింది. రేపు పొద్దుగాల వచ్చి పిల్లలకు పాఠం చెప్పి చూపాలె.”

“అయితే పేరు ఉండనియ్యుండ్రి సారూ. పొడి చీర తెస్తా.”