ఎడమ పక్క బరువు

తిరుత్తణి కొండ మెట్ల మీద తమ్ముడు కావడి దించి మళ్ళీ కూర్చున్నాడు. అక్కకు కాలు ఒకచోట నిలవలేదు.

"ఎడమ డొక్క పట్టుకున్నావే, ఏమిరా?"

"గ్యాసక్కా."

"రెండు ముద్దలకే చాలంటే వ్రతమనుకుంటిని."

"తింటే బరువుగా ఉండాదక్కా."

"పోయినేడు పాంక్రియాస్ వాచినప్పుడు డాక్టరు ఏం చెప్పినాడు? దాని పక్క నరంలో రక్తం గడ్డకట్టి, కడుపులో నరాలు ఉబ్బి చిట్లచ్చు, ఎడమ పక్క బరువైనా, దొడ్డికి నల్లగా పోయినా పరిగెత్తుకొని రమ్మన్లేదా?"

"నల్లగానే పోతాంది. రక్తమైతే ఎర్రగా ఉంటాది గదా?"

"కడుపులో కారిన రక్తం నల్లగానే వస్తాదిరా! లే, ఆస్పత్రికి పోదాం."

"మొక్కు తీర్చకుండానా?"

"స్వామి కొండ దిగి యాడికీ పోడు. లే!"

తమ్ముడు తల వంచుకున్నాడు.

"అక్కా, పొద్దున వాంతి చేసుకున్నా. అది మాత్రం ఎర్రగానే ఉన్నింది."