అడిగితే సెప్పేదాన్ని

"మామ్మా, అరవయ్యేళ్ళు దగ్గర పడ్డాక నీకు ఆస్పత్రిలో కంప్యూటర్ ఉద్యోగం ఎలా వచ్చింది? నాన్న ఒకలా చెప్తాడు, అమ్మ ఇంకోలా చెప్తుంది. నువ్వు చెప్పు."

మీ నాన్నకేటి తెల్సే స్నేహా, ఆడప్పుడు కాలిరగ్గొట్టుకుని మంచం మీదున్నాడు. సెప్తాను గానీ ఆ ఫోను నా మొకం మీద ఎట్టకు, కింద ఎట్టు. మాటలు పడతాయి కదా, సాలు.

ముందల మీ తాత సంగతి సెప్పాల, నేపోతే నీకు తెల్దు. మాది పాతపట్నం కదా, అక్కడ మీ తాత టైపు ఇన్‌స్టిట్యూటు నడిపేడు. చర్చి ఈదిలో పెంకుటిల్లు, రెండు గదులు. మిషన్లు ఆరు... కాదు, ఏడు, ఒకటి ఎప్పుడూ రిపేరులోనే ఉండీది. పెళ్ళయి వచ్చినప్పటికి నాకు టైపంటే ఏటో తెల్దు. మీ తాతే నన్ను మిషను ముందల కూకోబెట్టి, కళ్ళకి తువ్వాలు కట్టీసి నేర్పేడు. సూసుకుని కొడితే సేతికి రాదు, సూడకుండా కొట్టాల అనీవోడు. మా అత్తగారు ఏటనుకుంటాదో అని నాకు సిగ్గు. ఆవిడేటో ఒక మూల కూకుని నవ్వుకునీది. లోయరు పాసయ్యేను, హయ్యరు పాసయ్యేను, తరవాత తరవాత నానే పిల్లలకి నేర్పీదాన్ని. బోర్డరు అవతల పర్లాకిమిడి నుంచి ఒడియా పిల్లలు సైకిళ్ళ మీద వచ్చీవోరు. నన్ను "మావుసీ, మావుసీ" అనీవోరు, మావుసీ అంటే పిన్ని అన్నమాట. పక్కనున్న కొట్లో కాఫీ అప్పుడు అర్ధరూపాయి... ముప్పావలా తరవాత అయినాది. ఆ కాఫీ ఇప్పుడేడ దొరుకుతాది?

ఆ తరవాత కంపూటర్లు వచ్చీసేయి. పిల్లలు రావడం మానీసేరు. మీ తాత ఒక్కో మిషనూ పాత ఇనప సామాన్లోడికి ఇచ్చీసేడు, ఒక్కటి మాత్రం ఒగ్గనేదు. ఆయన పోయేక, ఆ మిషను పట్టుకుని నాను నరసన్నపేట మీ ఇంటికి వచ్చీసేను. అదంతా నీకు తెల్సు.

మీ నాన్న ఎవులిదో మేడకి రంగులేస్తా పరంజా మీద నుంచి పడ్డాడు కదా. ఇంక మీ అమ్మ కుట్టుమిషను మీదే ఇల్లు గడవాల. అది రాత్రీ పగలూ కుడతంటే సూస్తా కూకోడం నా వల్ల కానేదు. అప్పుడే హైవే పక్కన కొత్తగా కళ్ళాస్పత్రి కట్టేరు. వచ్చినోళ్ళ పేరూ ఊరూ కంపూటర్లో ఎక్కించీ పనికి మనిషి కావాలని చర్చిలో ఎవులో అన్నారు. పేరూ ఊరూ కొట్టడమే కదేటి, నాకొచ్చినదదే కదా అనుకుని, ఉన్నదాంట్లో మంచి సీర కట్టుకుని ఎళ్ళేను.

అక్కడ కూకున్నోడు కిరణ్ అని, వైజాగ్ కుర్రోడు. ఉద్యోగాల్లోకి మనుషుల్ని తీసుకునీది అతనే. నన్ను సూసి లేచి నిలబడ్డాడు పాపం. "కూర్చోండమ్మా, ఎవరి కోసం వచ్చారు?" అన్నాడు. ఎవులికోసమూ కాదు బాబూ, ఉద్యోగానికే వచ్చేనన్నాను. నెరిసిన నా తల కేసి సూసేడు. అప్పుడు, "అమ్మా, ఇదంతా కంప్యూటర్ మీద పని. ఈ వయసులో మీరు నేర్చుకోలేరు, మీకెందుకు ఈ ఇబ్బంది? కావాలంటే ఆయా పోస్టు ఖాళీగా ఉంది, చెప్పమంటారా?" అన్నాడు.

మర్యాదగానే అన్నాడే. తిట్టినా బాగుణ్ణు, తిరిగి ఒక మాట అందును. అంత మర్యాదగా అంటే ఏటంటాం? ఆయా పని తక్కువని కాదు, మాయమ్మ చర్చోళ్ళ మిషనాస్పత్రిలో ఆయాగానే సేసినాది, ఆ కూటితోనే పెరిగేను. కానీ నాకు వచ్చిందేటో ఆ కుర్రోడు అడగనే నేదు. ఆలోసిస్తానని సెప్పి బయటికొచ్చీసేను.

నా ఎనకాల ఒక పిల్ల ఎళ్ళినాది. గౌరి. అవునే, మన గౌరే. తలుపు తెరిసే ఉన్నాది, అన్నీ ఇనిపిస్తన్నాయి. పేరడిగేడు, ఏటి సదివేవని అడిగేడు, ఎచ్చెర్లలో పీజీ అన్నాది. ఇంక అంతే. "కంప్యూటర్ గురించి మిమ్మల్ని అడగక్కర్లేదు, మీ జెనరేషన్ పుట్టుకతోనే నేర్చుకొస్తారు. సోమవారం జాయినైపోండి" అనీసేడు.

నాను ఆటో కోసం గేటు కాడ సిమెంటు దిమ్మ మీద కూకున్నాను. ఆ పిల్లా వచ్చి నా పక్కనే కూకున్నాది. సూస్తే ఎక్కెక్కి ఏడస్తన్నాది. ఓలమ్మ, ఇదేటి అనుకున్నాను. "ఏటే పిల్లా, ఉద్యోగం రానిదాన్ని నాను ఏడవాల గానీ వచ్చిందానివి నువ్వేడస్తావేటి?" అన్నాను.

"మామ్మా, నాకు కంప్యూటర్ రాదు" అన్నాది.

"అదేటి, పీజీ సదివేనన్నావు?"

"తెలుగు ఎమ్మే మామ్మా. ఫోను తప్ప నానేదీ ముట్టుకోనేదు."

"మరి ఆ బాబుకి సెప్పకపోనావా?"

"అడిగితే సెప్పేదాన్ని. అడగనే నేదు కదా. నోరు తెరిసే లోపలే ఇచ్చీసేడు. మా నాన్నకి ఫోన్ సేసీసేను, ఆయనప్పుడే పొలంలో అందరికీ సెప్పీసుంటాడు. మా ఇంట్లో నెలజీతం తెచ్చినోళ్ళు ఎవులూ నేరు మామ్మా. సోమవారం నన్ను ఆ మిషను ముందల కూకోబెడితే నా పరువేటవుతాది?"

సూసేవా? నాకు రాదని అడగకుండానే అనుకున్నారు, దానికి వచ్చని అడగకుండానే అనుకున్నారు. ఇద్దరం ఒకే దిమ్మ మీద కూకున్నాం.

నిజం సెప్పాలంటే ఒక్క క్షణం నాకు ఒళ్ళు మండింది. నాకు రావాల్సింది దీనికిచ్చేరు, ఏడవనీ అనిపించింది. మనిషినే కదే నానూ. కానీ దాని సేతులు సూసేను, పిడికిళ్ళు బిగించి ఒళ్ళో దాసుకున్నాది. ఇన్‌స్టిట్యూటుకి మొదటిరోజు వచ్చే పిల్లల సేతులు అలాగే ఉండీవి. మీ తాత ఉంటే ఏటి సేసీవోడు? ఏటీ అడక్కుండా కూకోబెట్టీసీవోడు. "లే, మా ఇంటికి పద" అన్నాను.

నీకు గుర్తుండాలే, ఆ టకటకకి నీకు సదువు సాగడం లేదని అరిసేవు. ఆ పిల్లకి కళ్ళకి తువ్వాలు కట్టీసి, ఏళ్ళు ఎక్కడ పెట్టాలో సూపించి, పొద్దుట్నించి పొద్దుగూకీదాకా కొట్టించేను. పాత మిషను, దాని మీటలు నొక్కితే ఏలి కొసలు నొప్పెట్టీస్తాయి. నోరెత్తనేదు గౌరి. మీ అమ్మ దానికి అన్నం కలిపి పెట్టీది, సేతులు ఊదుకుంటా తినీది. సోమవారానికి బేగి కొట్టడం రానేదు గానీ భయం పోనాది. ఏ అక్షరం ఏడ ఉంటాదో తెల్సినాది. కంపూటర్లో మిగతాదేదో దాని ఫోన్లో ఉన్నట్టే ఉంటాదంట, అది తనే సూసుకున్నాది. ఉద్యోగంలో సేరేక కూడా మాపటేల వచ్చి కూకునీది, ఇంకా బేగి కొట్టాలని.

ఇంక అసలు సంగతి ఇక్కడుంది, ఇనుకో.

ఆ ఆస్పత్రికి పెద్ద డాక్టరమ్మ ఉన్నాది, విజీనారం ఆవిడ. ఒకరోజు పొద్దున్న కౌంటరు కాడ ఊళ్ళోళ్ళు నిండిపోయి ఉన్నారంట. ఆవిడ అటు ఎళ్తా, గౌరి తలదించకుండా, రైతుల మొకాలు సూస్తా మాటాడతా, పది ఏళ్ళతో కొట్టీడం సూసినాది. ఆగిపోనాది. "ఈ రోజుల్లో ఇలా టైపు చేసే పిల్లని చూడలేదు. ఎక్కడ నేర్చుకున్నావమ్మా?" అన్నాది. కిరణు పక్కనే ఉన్నాడు, నానే కదా తీసుకున్నాను అని సంతోషంగా ఉన్నాడు.

గౌరి ఏదో ఒక ఇన్‌స్టిట్యూటు పేరు సెప్పీస్తే అయిపోను కదేటి? ఎవులు ఎళ్ళి అడుగుతారు? అది లేచి నిలబడి ఉన్నదున్నట్టు సెప్పీసినాది. "మేడం, నన్ను తీసుకున్న రోజుకి నాకు కంప్యూటర్ ఆన్ చెయ్యడం కూడా రాదు. అదే రోజు వయసెక్కువని ఒకావిడని పంపించేశారు. ఆవిడే నన్ను ఇంటికి తీసుకెళ్ళి నేర్పింది. నేనిలా చెప్పినందుకు తీసేస్తే తీసెయ్యండి, కానీ ఈ కుర్చీ ఆవిడది" అనీసినాది.

అక్కడున్న ఊళ్ళోళ్ళందరూ ఇన్నారంట. వాళ్ళ నాన్న ఊరంతా సెప్పుకున్న ఉద్యోగమే అది! నాకైతే ఇప్పటికీ, సూడు, సెప్తంటే రోమాలు నిక్కబొడుసుకుంటాయి. నా కడుపున పుట్టిన పిల్ల కాదు, మా చర్చి సంఘం పిల్ల కాదు. నాకోసం అలగ ఎవులు నిలబడతారే?

డాక్టరమ్మ, "ఆవిడ్ని రమ్మను" అన్నాదంట. అంతే.

ఎళ్ళేను. భయంగానే ఉన్నాది. కిరణు తల దించుకుని నిలబడ్డాడు. "పెద్దవారు కదా, కష్టమవుతుందని..." అన్నాడు. నాకు ఏటి తోసిందో, నా సేతులు రెండూ ఆడి ముందల సాపి, "బాబూ, నువ్వు నా ఏళ్ళు సూసీసేవు గానీ, ఈ ఏళ్ళు సూణ్ణేదు" అన్నాను. వయసునీ ఏళ్ళే అంటాం, సేతికున్న వీటినీ ఏళ్ళే అంటాం కదా మనం. డాక్టరమ్మకి ముందు అర్థం కానేదు, అయ్యేక కుర్సీ మీద కూకుని పడీ పడీ నవ్వినాది. కిరణు కూడా నవ్వీసేడు. దాంతో నా భయం పోనాది.

"కూర్చోండి, ఇది కొట్టి చూపించండి" అని ఒక కాయితం ఇచ్చినాది ఆవిడ. కొట్టీసేను. మెత్తటి మీటలు, ఏలు ఆనితే పడిపోతన్నాయి, మా మిషనుతో పోలిస్తే పూలు తెంపినట్టుంది. కానీ సిగ్గుమాలిన సంగతి ఇనవే... వరస అయిపోయినప్పుడల్లా నా ఎడమ సెయ్యి లేచి గాల్లో ఒక్కటి ఇస్తన్నాది. పాత మిషన్లకి అక్కడ ఒక కమ్మీ ఉంటాది కదా, దాన్ని తోస్తే గానీ కింది వరస రాదు. కమ్మీ నేదు, ఏటీ నేదు, గాలికి కొడతన్నాను. గౌరి నోటికి పైట అడ్డం పెట్టుకున్నాది. డాక్టరమ్మ మాత్రం ఈసారి నవ్వనేదు. "మౌసు తెలుసా?" అన్నాది. తెల్దమ్మా అన్నాను. "నేర్చుకుంటారా?" అన్నాది. నేర్సుకుంటాను అన్నాను. "అయితే రేపు రండి. గౌరి కూడా ఉంటుంది, ఇద్దరికీ సరిపడా జనం వస్తున్నారు" అన్నాది.

ఇంటికొచ్చి సెప్తే మీ అమ్మ కుట్టుమిషను ఆపి ఏడిసినాది. మీ నాన్న అటు తిరిగి పడుకున్నాడు, ఆడూ ఏడిసేడులే, నాకు తెల్దనుకుంటాడు.

ఆ మౌసు ఒకటి నన్ను సంపీసినాది తల్లీ. ఇటంటే అటు పోతాది, తెర మీద ఆ బాణం ఎక్కడుందో కనపడదు. "మామ్మా, అలగ పీక నొక్కీకు, కోడిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకో" అని గౌరి నా సెయ్యి మీద సెయ్యేసి తిప్పీది. అదేమో నాకు తెరలు నేర్పీది, నానేమో దానికి బేగి కొట్టడం నేర్పీదాన్ని. ఒకపాలి పొద్దున్నొచ్చేసరికి తెర మొత్తం మారిపోయింది, కొత్త ప్రోగ్రాం ఎక్కించేరంట. ఏ బొమ్మ ఎక్కడుందో తెల్దు, ఎదర జనం. ఇంక నా వల్ల కాదని సంచీ సర్దీసుకున్నాను. కిరణు వచ్చి కుర్సీ లాక్కుని పక్కన కూకున్నాడు. కిరణు ముందు సెప్పినట్టే అయినాదని అంటాడేమో అని నా భయం. అతనలగ అననేదు. భోజనం మానీసి మరీ ఒక్కో బొమ్మా సూపించేడు. అప్పుడే అన్నాడు, "మా అమ్మ ఫోన్ పట్టుకుంటే పాడుచేస్తావని లాగేసుకుంటానమ్మా నేను. నేర్పించాలని ఎప్పుడూ అనిపించలేదు" అని. తరవాత నేర్పించేడు. ఆవిడిప్పుడు నాకు వీడియో కాల్ సేసి కూరలు సూపిస్తాది.

గౌరి రెండేళ్ళు ఉండి, టీచరుద్యోగం వస్తే ఎలిపోనాది. ఆదివారం ఆరాధన అయ్యే టైము దానికి తెల్సు, సరిగ్గా అప్పుడు ఫోన్ సేస్తాది. నాను ఇంకా కొన్నాళ్ళు సేసేను. మీ నాన్న లేచి తిరిగేడు, నువ్వు డిగ్రీలో సేరేవు. అదంతా ఆ కుర్సీయే.

మానీసే ముందల ఒకటి సూసేను. గౌరి ఎళ్ళిపోయిన ఖాళీకి కొందరు వచ్చేరు. అందులో ఒకాయన, యాభై దాటిన మనిషి, ఎక్కడో జూటుమిల్లు మూసీస్తే పని పోయినోడు. సొక్కా మడత నలగకుండా కూకున్నాడు. కిరణు ఆయన కాయితం సూసేడు, మొకం సూసేడు, ఏదో అనబోయి ఆగిపోయేడు. నా వైపు సూణ్ణేదు, నాకోసం సేసింది కాదది. లేచి కంపూటరు ముందల కుర్సీ లాగి, "కూర్చోండి సార్, ఒకసారి చేసి చూపించండి" అన్నాడు.

ఆయనకి రానేదే. నిజంగానే రానేదు. కిరణు అదే మాట ఆయనకి సెప్పేడు, ఏటి నేర్సుకుంటే వస్తాదో కూడా సెప్పేడు. ఆయన బయటికొచ్చి నా కౌంటరు కాడ మంచినీళ్ళు తాగేడు. బాధ పడతన్నాడేమో అని, పోనీలే అన్నయ్యా, ఇంకోసోట సూసుకుందురు అన్నాను. ఆయన నవ్వేడు. "నేదమ్మా. ఇన్ని సోట్ల తిరిగేను, కుర్సీలో కూకోబెట్టి సూసింది ఇక్కడొక్కసోటే. నేర్సుకుని మళ్ళీ వస్తాను" అన్నాడు. గేటు దాటి ఎళ్తంటే సూసేను, నడక సానా తేలిగ్గా ఉన్నాది.

స్తోత్రం ప్రెబువా అనుకున్నాను, ఇంకేటి అనుకుంటాను.

నీకూ అలాటోళ్ళే తగలాల తల్లీ. కూకోబెట్టి అడిగీ వాళ్ళు. దేవుడు నిన్ను సల్లగా సూడాల, నీ సేతికెప్పుడూ పనుండాల... గౌరి కూతురికి వచ్చీ నెల్లో మూడో పుట్టినరోజంట, ఏటి తీసుకెళ్దామే? గౌనంటే పొడుగైపోతాదేమో, ఆ పిల్ల సన్నంగా ఉంటాది...